అప్పడాల దొంతరలో కరెంటు: ద్రవ స్ఫటికాల చంద్రశేఖర్ పరిశోధన

 

కిందటి ఎపిసోడ్ తరవాత ధవళేశ్వరం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. వాళ్ళమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసిందట. లిక్విడ్ క్రిస్టల్స్, ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోందట. గైడుగా అనుకుంటున్న ప్రొఫెసర్ గారి బయోడేటా తెచ్చి చూపిస్తే అందులో వందల కొద్దీ పేపర్లున్నాయి. "ఏవండీ, ఇన్ని పేపర్లుంటే గొప్ప శాస్త్రవేత్త అన్నట్టేనా? అసలా పేపర్లలో ఏముంటుంది? అయిదేళ్ళు పిల్లని అప్పజెప్పాలి కదా" అన్నారు. చాలా సబబైన ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ఈ రంగంలో మన దేశంలో జరిగిన అతి పెద్ద పని ఒకటి ఉంది. ఆ పని చేసిన శాస్త్రవేత్త కథ చెప్తే, శాస్త్రవేత్త పనిని ఎలా తూచాలో దానంతటదే తెలుస్తుంది. ముందు అసలీ లిక్విడ్ క్రిస్టల్ అంటే ఏమిటో చూద్దాం.

ద్రవమా, స్ఫటికమా?

1888లో ప్రాగ్ నగరంలో ఫ్రీడ్రిచ్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు క్యారట్ నుంచి తీసిన కొలెస్టరాల్‌తో పనిచేస్తున్నాడు. దాన్నుంచి తయారుచేసిన ఒక పదార్థాన్ని వేడి చేస్తే 145.5 డిగ్రీల దగ్గర కరిగింది. కానీ గంజిలా మబ్బుగా ఉంది. ఇంకా వేడి చేస్తే 178.5 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా నీళ్ళలా తేటపడింది. అంటే రెండు సార్లు కరిగినట్టు! ఆయన దీన్ని ఒట్టో లేమన్ అనే భౌతిక శాస్త్రవేత్తకి పంపించాడు. లేమన్ దాన్ని మైక్రోస్కోపులో చూసి, ఇది పారుతుంది, కానీ కాంతి విషయంలో స్ఫటికంలా ప్రవర్తిస్తోంది అని తేల్చాడు. ద్రవ స్ఫటికం అన్న పేరు అలా వచ్చింది.

మన గోదావరి వాళ్ళకి ఇది అర్థం కావడం తేలిక. ఒకప్పుడు భద్రాచలం వైపు అడవుల నుంచి వెదుళ్ళు తెప్పలు కట్టి గోదావరిలో వదిలేవారు. అవి రాజమండ్రి దాకా తేలుకుంటూ వచ్చేవి. ఇప్పుడు ఆ కట్లు విప్పేశారనుకోండి. వెదుళ్ళు ప్రవాహంలో ముందూ వెనకా జరుగుతుంటాయి, దేని చోటూ స్థిరం కాదు. అయినా అన్నీ దాదాపు ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. చోటు విషయంలో ద్రవం, దిక్కు విషయంలో స్ఫటికం. ఈ స్థితినే నెమాటిక్ అంటారు.

ఇంకొక రకం ఉంది. బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం వెళ్తే పూతరేకులు దొరుకుతాయి. అందులో పొర మీద పొర ఉంటుంది. ఏ పొరకాపొర జారుతుంది కానీ ఒక పొరలోది ఇంకో పొరలోకి అంత సులువుగా పోదు. అణువులు అలా పొరలు పొరలుగా సర్దుకుంటే దాన్ని స్మెక్టిక్ అంటారు.

ఇక ఎల్‌సీడీ సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. నెమాటిక్‌లో ఉన్న ఈ వెదురు బొంగుల్లాంటి అణువులని చిన్న ఓల్టేజీతో ఇటు నుంచి అటు తిప్పొచ్చు. అవి తిరిగితే కాంతి ఆగుతుంది, లేదా వదులుతుంది. కాలిక్యులేటరు, చేతి వాచీ, తరవాత టీవీ, అన్నిటికీ ఇదే కీలకం. 1970ల మొదట్లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం 24 నుంచి 35 డిగ్రీల మధ్య నెమాటిక్‌గా ఉండే గట్టి పదార్థాన్ని తయారుచేశాక ఆ పరిశ్రమ పుంజుకుంది.

ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. అప్పటిదాకా ఈ రంగంలో వాడే అణువులన్నీ పొడుగైనవే. కర్రల్లాంటివి. ద్రవ స్ఫటికం కావాలంటే అణువు పొడుగ్గా ఉండాలి అన్నది ఒక అలిఖిత నియమంలా స్థిరపడిపోయింది.

రామన్ గారి మేనల్లుడు

ఇప్పుడు మన కథానాయకుడు. పేరు ఎస్. చంద్రశేఖర్. పూర్తి పేరు శివరామకృష్ణ చంద్రశేఖర్. నక్షత్రాల మీద పనిచేసి 1983లో నోబెల్ తీసుకున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వేరు, ఈయన వేరు. ఇద్దరూ సి.వి. రామన్ గారి దగ్గరి చుట్టాలే కాబట్టి పత్రికల వాళ్ళు కూడా పొరబడుతుంటారు. ఆయన రామన్ గారి అన్నగారి కొడుకు. ఈయన చెల్లెలి కొడుకు, అంటే మేనల్లుడు. రామన్ చిన్నతనం మన విశాఖపట్నంలోనే గడిచింది. వాళ్ళ నాన్నగారు అక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు.

మన చంద్రశేఖర్ 1930లో కలకత్తాలో పుట్టారు. బెంగుళూరులో రామన్ దగ్గరే పరిశోధన మొదలుపెట్టారు. తరవాత కేంబ్రిడ్జి వెళ్ళొచ్చి, 1961లో మైసూరు విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ శాఖకి అధిపతి అయ్యారు. ద్రవ స్ఫటికాల మీద దృష్టి అక్కడే పడింది. అప్పట్లో ఆ విషయాన్ని పట్టించుకునేవాళ్ళు ప్రపంచంలోనే కొద్దిమంది. రామన్ 1970లో పోయారు. 1971లో చంద్రశేఖర్ బెంగుళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి ద్రవ స్ఫటికాల ప్రయోగశాల పెట్టారు.

ఆయన చేసిన ఏర్పాటు ఒకటి గమనించాలి. తను ఫిజిక్స్ మనిషి. కానీ ప్రయోగశాలలో కెమిస్ట్రీ వాళ్ళని కూడా పెట్టుకున్నారు. కొత్త అణువు కావాలంటే బయట కొనుక్కోవడం కాదు, పక్క గదిలోనే తయారుచేస్తారు. ఎదురుగదిలో ఎక్స్‌రే వేసి చూస్తారు. ఇంకొకరు కూర్చుని లెక్క కడతారు. అంతా ఒకే వసారాలో. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తరవాత జరిగిందంతా దీన్నుంచే వచ్చింది.

1977: కర్రల బదులు బిళ్ళలు

చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్. ఈ ముగ్గురూ వేసుకున్న ప్రశ్న చాలా చిన్నది. అణువు కర్రలాగే ఉండాలా? బిళ్ళలా ఉంటే కుదరదా?

బెంజీన్ ఉంగరం తీసుకున్నారు. ఆరు మూలలున్న చదునైన ఉంగరం అది. ఒక్కో మూలకీ ఒక్కో పొడుగాటి తోక తగిలించారు. అంటే మధ్యలో గట్టి బిళ్ళ, చుట్టూ ఆరు మెత్తటి తోకలు. దాన్ని వేడి చేశారు. రైనిట్జర్ చూసినట్టే, కరిగాక వెంటనే మామూలు ద్రవం కాలేదు. మధ్యలో ఒక స్థితి వచ్చింది. ఎక్స్‌రే తీసి చూస్తే ఆ బిళ్ళలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దొంతరలుగా ఉన్నాయి. అప్పడాల దొంతర చూశారు కదా, అలా! మళ్ళీ ఆ దొంతరలన్నీ పక్కపక్కన తేనెపట్టు గదుల్లా ఆరు మూలల అమరికలో నిలబడ్డాయి. దొంతర లోపల బిళ్ళల మధ్య ఎడం మాత్రం స్థిరంగా లేదు, ద్రవంలా కదులుతోంది. అంటే రెండు దిక్కుల్లో స్ఫటికం, మూడో దిక్కులో ద్రవం. శుద్ధమైన బిళ్ళ అణువుల పదార్థంలో అంతకు ముందు ఇలాంటిది ఎవరూ చూపించలేదు.

బొగ్గు తారు వంటి మిశ్రమాల్లో చదునైన అణువులు ఇలాంటి స్థితికి వస్తాయని అంతకు ముందే కొన్ని సూచనలుండేవి. కానీ ఒకే రకం అణువు, శుద్ధమైన పదార్థం, ఎక్స్‌రే రుజువు, ఇవన్నీ కలిసి వచ్చింది ఇక్కడే.

దీన్ని ఎక్కడ ప్రచురించారు? లండన్లోనో న్యూయార్కులోనో కాదు. బెంగుళూరు నుంచే వచ్చే ప్రమాణ అనే పత్రికలో. 1973లో మొదలైన పత్రిక, అప్పటికి నాలుగేళ్ళ పసిది. అందులో వచ్చిన పది పేజీల వ్యాసం ఇది. ఇవాళ్టికీ ప్రపంచంలో ఎక్కడ ఎవరు ఈ బిళ్ళ అణువుల మీద పుస్తకం రాసినా మొదటి అధ్యాయంలో ఈ పేపరు పేరు రావలసిందే. ఈ రకం పదార్థాలకి డిస్కోటిక్ అన్న పేరు స్థిరపడింది. మంచి పత్రికలో వస్తేనే మంచి పేపరు అని మనవాళ్ళు అనుకుంటారు చూడండి, ఇక్కడ పేపరు వల్ల పత్రికకి పేరొచ్చింది.

అదే సంవత్సరం ఆయన పుస్తకం "లిక్విడ్ క్రిస్టల్స్" కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్ వాళ్ళు వేశారు. రెండో కూర్పు 1992లో వచ్చింది. ఎన్నో దేశాల్లో విద్యార్థులు ఈ విషయాన్ని ఆ పుస్తకంతోనే మొదలుపెట్టారు.

ఇక కరెంటు సంగతి

మరి ఎలక్ట్రానిక్స్ ఎక్కణ్ణుంచి వచ్చింది అంటారా? విచిత్రంగా అది కూడా 1977లోనే. ప్లాస్టిక్ అంటే కరెంటు పారనిది అని మనందరి నమ్మకం. వైరు మీద తొడుగు అందుకే కదా వేస్తాం. ఆ ఏడాది షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ అనే ముగ్గురూ తమ సహచరులతో కలిసి, పాలీఅసిటిలీన్ అనే ప్లాస్టిక్‌కి అయోడిన్ లాంటివి పట్టిస్తే లోహంలా కరెంటు పారుతుందని చూపించారు. 2000లో వాళ్ళకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. కార్బన్ అణువులతో ఎలక్ట్రానిక్స్ చేసే ఈ రంగాన్నే ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్ అంటున్నాం. సేంద్రియ వ్యవసాయానికీ దీనికీ ఏ సంబంధమూ లేదండోయ్, కార్బన్ రసాయనాలు అని మాత్రమే అర్థం.

ఇప్పుడు ఆ అప్పడాల దొంతరని మళ్ళీ తీసుకోండి. బెంజీన్ లాంటి చదునైన ఉంగరాలకి పైనా కిందా ఎలక్ట్రాన్ల మబ్బు ఉంటుంది. రెండు బిళ్ళలు దగ్గరగా, అంటే దాదాపు 0.35 నానోమీటర్ల ఎడంలో ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఆ మబ్బులు కలుసుకుంటాయి. ఒక బిళ్ళ మీది విద్యుదావేశం పక్క బిళ్ళ మీదికి దూకగలదు. దాన్నుంచి ఇంకొక దాని మీదికి. అలా దొంతర పొడుగునా పోతుంది. చుట్టూ ఉన్న తోకలు మాత్రం కరెంటుని పారనివ్వవు. అంటే ఏమైంది? మధ్యలో రాగి తీగ, చుట్టూ ప్లాస్టిక్ తొడుగు! రెండు మూడు నానోమీటర్ల మందంలో దానంతటదే తయారయ్యే కరెంటు వైరన్నమాట.

దానంతటదే అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. సిలికాన్ చిప్ చేయాలంటే వెయ్యి డిగ్రీల కొలుములు, దుమ్ము లేని గదులు, కోట్ల ఖర్చు. ఇక్కడ పదార్థాన్ని వేడి చేసి మెల్లగా చల్లారిస్తే చాలు, అణువులు వాటికవే సర్దుకుంటాయి. ఎక్కడైనా ఒక తప్పు అమరిక వచ్చినా, ద్రవ గుణం ఉంది కాబట్టి అది సర్దుకునే వీలుంది. గట్టి స్ఫటికంలో పగులు వస్తే పగులే.

1977లో చేసిన బెంజీన్ అణువులు వైరుగా పనికొచ్చేవి కావు. బిళ్ళ మరీ చిన్నది. కానీ దారి తెలిసింది కదా. మిగతా వాళ్ళు పెద్ద బిళ్ళలు తీసుకున్నారు. నాలుగు ఉంగరాలున్న ట్రైఫినిలీన్ తీసుకున్నారు. 1994లో జర్మనీ శాస్త్రవేత్తలు అలాంటి ఒక పదార్థంలో ఆవేశం ఎంత జోరుగా పోతుందో కొలిచి నేచర్ పత్రికలో వేశారు. ఒక సెంటీమీటరుకి ఒక ఓల్టు చొప్పున పెడితే సెకనుకి 0.1 సెంటీమీటరు వేగం వచ్చే లెక్క. ఆనాటికి కార్బన్ పదార్థాల్లో, ఒంటి స్ఫటికాలని పక్కన పెడితే, అది చాలా పెద్ద అంకె. 2001లో ఇంకా పెద్ద బిళ్ళ, హెక్సాబెంజోకొరొనీన్‌తో జర్మనీ, ఇంగ్లండు బృందాలు కలిసి సౌర ఘటం చేశాయి. ఒక రంగు వెలుగు దగ్గర, పడిన ప్రతి వంద కాంతి కణాలకీ 34 ఎలక్ట్రాన్లు బయటికొచ్చాయి. బెంగుళూరులో అదే రామన్ ఇన్‌స్టిట్యూట్‌లో సందీప్ కుమార్ ఇలాంటి ఎన్నో కొత్త బిళ్ళ అణువులని తయారుచేసి, ఆ రసాయనశాస్త్రం మీద పెద్ద పుస్తకమే రాశారు.

మరి మన చేతిలోని ఫోన్లో ఇవి ఉన్నాయా? వైరులుగా లేవు. ఓఎల్‌ఈడీ తెరలో ఉన్నది కూడా ఆర్గానిక్ ఎలక్ట్రానిక్సే, కానీ అది 1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, వాన్ స్లైక్ చూపించిన వేరే దారి. బిళ్ళ అణువుల దొంతరలని పరికరంలో మనక్కావలసిన దిక్కుకి నిలబెట్టడం ఇంకా కష్టంగానే ఉంది. కానీ వేరే చోట అవి ఎప్పుడో ఇళ్ళల్లోకి వచ్చేశాయి. పాత ఎల్‌సీడీ మానిటర్లని పక్కనుంచి చూస్తే రంగులు మారిపోయేవి, గుర్తుందా? దాన్ని సరిచేయడానికి జపాన్ ఫ్యూజీ కంపెనీ 1990లలో తెర మీద వేసే ఒక పల్చటి ఫిల్మ్ తెచ్చింది. అందులో ఉన్నది ట్రైఫినిలీన్ బిళ్ళలే. వైరు అవుతుందనుకున్నది కళ్ళజోడు అయింది. పరిశోధనలో ఇలాంటివి మామూలే.

గుంటూరు, కాకినాడ

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. ద్రవ స్ఫటికాలంటే బెంగుళూరే కాదు. నాగార్జున విశ్వవిద్యాలయంలో వి.జి.కె.ఎం. పిసిపాటి గారి బృందం దశాబ్దాల పాటు ఈ పని చేసింది. కాకినాడ జేఎన్‌టీయూలో డి.ఎం. పొటుకూచి గారు హైడ్రోజన్ బంధాలతో కూడే ద్రవ స్ఫటికాల మీద పనిచేశారు. నాగార్జునలో పనిచేసిన నందిరాజు వి.ఎస్. రావు గారు అస్సాం విశ్వవిద్యాలయంలో, సిల్చర్‌లో, అరటిపండులా వంగిన అణువుల మీద బృందాన్ని నడిపారు.

నాగార్జునలో చేసింది ఎలాంటి పనో చెప్తాను. ఎంబీబీఏ అని, గది వేడిమిలోనే నెమాటిక్‌గా ఉండే పాత పదార్థం ఒకటుంది. దాని కుటుంబంలో అణువు తోకకి ఒక్కో కార్బన్ కలుపుతూ పోతే ఒక్కో కొత్త పదార్థం వస్తుంది. ప్రతి దాన్నీ సన్నటి గాజు గొట్టంలో పోసి, నీళ్ళ తొట్టెలాంటి దానిలో మెల్లమెల్లగా వేడి మారుస్తూ, గొట్టంలో మట్టం ఎంత లేచిందో చూసి సాంద్రత లెక్క కడతారు. నెమాటిక్ నుంచి ద్రవానికి మారేటప్పుడు సాంద్రత గబుక్కున దూకిందా, మెల్లగా జారిందా? దాన్నిబట్టి ఆ మార్పు ఎలాంటిదో తెలుస్తుంది. తోకలో కార్బన్లు సరి సంఖ్యలో ఉంటే ఒక తీరు, బేసి ఉంటే ఇంకొక తీరు. అంకెలు మెట్ల మీద ఎక్కి దిగినట్టు పోతాయి.

ఇది చూసి, "ఒకే కొలత, పదార్థం మార్చి మార్చి, పదార్థానికో పేపరు" అని పెదవి విరిచేవాళ్ళున్నారు. నేనలా అనను. సిద్ధాంతం రాసే ఆయనకి, తెర తయారుచేసే ఆయనకి ఆ అంకెలు కావాలి. ఎవరో ఒకరు కూర్చుని ఓపిగ్గా కొలవాలి. ఖరీదైన యంత్రాలు లేని చోట, చేతిలో ఉన్న సరంజామాతో నమ్మదగిన కొలత తీయడం తక్కువ పనేమీ కాదు. ధవళేశ్వరం వాళ్ళకి నేను చెప్పేదేముంది, ఆనకట్ట కట్టే ముందు కాటన్ దొర ఈ డెల్టా నేల ఎత్తుపల్లాలు కొలిపించకపోతే ఏ కాలవ ఎటు పారేది?

కాకపోతే కొలిచేవాడికి ఎందుకు కొలుస్తున్నాడో తెలిసుండాలి. అసలు తేడా అక్కడుంది.

మరి ఎలా తూచాలి?

2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అని ఒక అంకె తెచ్చాడు. ఇరవై అంటే, ఇరవై పేపర్లని ఒక్కోదాన్నీ కనీసం ఇరవై సార్లు ఉదహరించారని అర్థం. మన దేశంలో 2010లో యూజీసీ లెక్చరర్ల ప్రమోషన్లకి ఏపీఐ పాయింట్లు పెట్టింది. పేపరుకి ఇన్ని పాయింట్లని. ఉద్దేశం మంచిదే. కానీ పాయింట్లకి పేపరు అన్నాక ఏమవుతుందో మనకి తెలుసు. ఒక పెద్ద పేపరు నాలుగు చిన్న పేపర్లవుతుంది. డబ్బు కడితే రెండు రోజుల్లో అచ్చేసే పత్రికలు పుట్టుకొస్తాయి. వీటిని బయోడేటాలో చూస్తే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి.

అంకెలు అసలు పనికిరావని కాదు. కానీ 1977 పేపరుని 1978 జనవరిలో హెచ్-ఇండెక్స్‌తో తూస్తే ఎంతొచ్చేది? సున్నా.

అందుకని ఆ పెద్దాయనకి నేను చెప్పేది ఇది. బాబుగారూ, పేపర్ల సంఖ్య చూడకండి. అమ్మాయిని ఒక రోజు ఆ ప్రయోగశాలకి వెళ్ళి రమ్మనండి. పరికరాలు నడుస్తున్నాయో, దుప్పటి కప్పి ఉన్నాయో చూడమనండి. ఆ ప్రొఫెసర్ గారి మొట్టమొదటి పేపరొకటి, నిరుడు వచ్చిన పేపరొకటి పక్కపక్కన పెట్టుకుని చదవమనండి. ప్రశ్న ముందుకి జరిగిందా, పదార్థం పేరు మాత్రమే మారిందా? ఆ పేపర్లని వాడుకుని వేరే ఊరి వాళ్ళు, వేరే దేశం వాళ్ళు ఏమైనా కట్టారా, లేక వాళ్ళే వాళ్ళని చెప్పుకుంటున్నారా? ఇదివరకటి విద్యార్థులు ఇప్పుడెక్కడ ఉన్నారు, ఏం చేస్తున్నారు? వాళ్ళలో ఇద్దరికి ఫోన్ చేయమనండి. చివరిగా ఆ గైడు గారినే ఒక్క మాట అడగమనండి: "సార్, మీకు ఇంకా తేలని ప్రశ్న ఏది?" దానికి ఆయన కళ్ళలో వెలుగొస్తే, పేపర్లు ముప్పయ్యే ఉన్నా ఫరవాలేదు, చేరిపొమ్మనండి. జవాబుగా పేపర్ల జాబితా చూపిస్తే, ఇంకో చోట వెతుక్కోవడం మంచిది.

చంద్రశేఖర్ 1991లో బెంగుళూరులో, భారత్ ఎలక్ట్రానిక్స్ సహకారంతో, ద్రవ స్ఫటికాలకే ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. ఇవాళ అది నానో, సాఫ్ట్ మ్యాటర్ శాస్త్రాల కేంద్రంగా నడుస్తోంది. 1994లో రాయల్ సొసైటీ వాళ్ళు రాయల్ మెడల్ ఇచ్చారు. 2004లో ఆయన పోయారు. ఆయన పేపర్లు మొత్తం ఎన్ని అని ఎవరూ అడగరు. బిళ్ళల పేపరు ఒక్కటి చెప్తే చాలు, ఏ దేశం వాళ్ళైనా గుర్తు పడతారు.

ఇవాళ్టికి ఇంతేనండి. వచ్చే ఎపిసోడ్‌లో సబ్బు నురగ గురించి మాట్లాడుకుందాం. అది కూడా ఈ ద్రవ స్ఫటికాలకి దగ్గరి చుట్టమే. సెలవు, నమస్కారం.